మొగులయ్య తాత గుండెలో తీగ

పాల్మాకులలో మా పక్క ఇల్లు మొగులయ్య తాతది. విమానం పైకి లేచిన ప్రతిసారీ ఆయన చేసే పని ఒకటుండేది. పెరట్లో ద్రాక్ష పందిరి కింది నుంచి బయటికొచ్చి, కుడి అరచెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని, విమానం వచ్చిన దిక్కు చూసి, "గిది మన బాయికాడి వరుసల మీదికెళ్లి లేసింది" అనేవాడు. ఇంకోసారి "గిది పడమటి గట్టు మీదికెళ్లి" అనేవాడు. ఇప్పుడు రన్‌వే ఉన్నచోట ఒకప్పుడు ఆయన పందిళ్లు కట్టిన ద్రాక్షతోట ఉండేదట. విమానాశ్రయం వచ్చి ఇన్నేళ్లయినా ఆయన దృష్టిలో విమానాలు ద్రాక్ష వరుసల మీంచే లేస్తాయి. అందులో నిజమెంతో నాకు తెలియదు. ఏ వరుస ఎక్కడుండేదో చెప్పగల మనిషి ఆయనొక్కడే మిగిలాడు. కాదనేవాడెవడూ లేడు.

ఈ ఏడు ఎండాకాలం తర్వాత ఆ చెయ్యి లేవడం మానేసింది. విమానం చప్పుడుకి తాత బయటికొచ్చేవాడు, పైకి చూసేవాడు, ఎండకు కళ్లు చికిలించేవాడు. కుడిచెయ్యి మాత్రం పొట్టకు ఆనించి, నిండు గిన్నె పట్టుకున్నట్టు కదలకుండా ఉండేది. అన్నం తినేటప్పుడు చేతిని నోటి దాకా తేకుండా, నోటినే చేతి దగ్గరికి వంచేవాడు.

"గా చేతిల ఏం దాసినవో సూపియ్యి. సగం నాకియ్యి" అని పోచమ్మవ్వ ఎత్తిపొడిచేది. మొగుణ్ణి ఎత్తిపొడవని రోజు ఆవిడకు తిన్నది అరగదు. కానీ ఈసారి ఆ మాటలో భయం ఉంది. ఎందుకో చెప్పాలంటే పందిరి గురించి చెప్పాలి.

ద్రాక్ష పందిరి అంటే పెళ్లి పందిరి లాంటిది కాదు. మనిషెత్తు రాతి కడీలు వరుసగా పాతి, వాటి తలల మీదుగా నిలువూ అడ్డమూ ఇనుప తీగలు లాగి, జల్లెడలా చేస్తారు. చెట్టు పైకి పాకి ఆ జల్లెడ మీద పరుచుకుంటుంది. గుత్తులు దిగే రోజుల్లో బరువంతా తీగల మీదే. అందుకని తోట చుట్టూ, పందిరికి అవతల, పెద్ద పెద్ద బండలు భూమిలో పాతిపెట్టి ప్రతి తీగ కొసనూ ఒక బండకు కట్టేస్తారు. చూసేవాళ్లు పందిరి కడీల మీద నిలబడిందనుకుంటారు. బండల మీద నిలబడిందంటాడు తాత. "కొస ఏడ కట్టినవో సూపియ్యి, పందిరి ఎన్నేండ్లు ఉంటదో నేను చెప్త" అనేది ఆయన మాట. కాయ కోసేసరికి తీగలు సాగిపోతాయి. మళ్లీ కత్తిరింపుల ముందు ఒక్కొక్క దాన్నీ గుంజి బిగించాలి. ఆ బిగింపు పనిలో షంషాబాద్ చుట్టుపక్కల ఆయనకు పేరు. సొంత చెలక కొంచెం ఉన్నా, మనిషి బతికింది మాత్రం వేరేవాళ్ల పందిళ్ల కిందే.

ఒక ఏడు వైశాఖంలో గాలిదుమారం వచ్చి మూలనున్న బండ ఒక్కటి మట్టిలోంచి పెళ్లగించుకుని లేచిందట. ఒక్క కొస వదిలింది. అంతే, కడీ మీద కడీ ఒరిగి, చూస్తుండగానే తోటలో ఒక పక్కంతా నేల మీద పడుకుంది. ఆ కథ తాత ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పినప్పుడల్లా చివర్లో మాట ఆపేసి అరచేతిని మెల్లగా పక్కకు ఒరిగించేవాడు. పందిరి పడ్డ తీరు అది.

నేను చూసిన తోట అది కాదు. సాతంరాయి వైపు చిన్నది ఒకటి ఉండేది. తాత ఆఖరున పనిచేసింది దాంట్లో. మార్చిలో ఒంటిపూట బడి వదలగానే మేం సంచులు అక్కడే పడేసేవాళ్లం. ద్రాక్ష పందిరి కింద నీడ నల్లగా ఉండదు, పచ్చగా ఉంటుంది. చేతులు చూసుకుంటే చేతులు పచ్చగా, ఎదుటివాడి మొహం చూస్తే పచ్చగా. ఆకులకు చల్లిన గంధకం వాసన ముక్కుకు పట్టేది. ఎవరో ఒకరు చిలకల్ని తోలడానికి డబ్బా వాయిస్తూ ఉండేవాళ్లు. పోచమ్మవ్వ వెదురు గంపల్లో కాగితం ముక్కలు పరిచి గుత్తులు పేర్చేది. అవి అనాబ్‌షాహి కాయలు. పొడుగ్గా, తేనెరంగు తిరిగి, లోపల గింజలతో ఉండేవి. గుత్తినుంచి రాలిన కాయలన్నీ మా నోళ్లలోకి పోయేవి. ఇప్పుడు బజార్లో దొరికే గింజల్లేని కాయ నోట్లో వేసుకుంటే, అవ్వ "నీళ్లు నమిలినట్టున్నది" అంటుంది. అవ్వ అన్నదని కాదు గానీ, నాకూ అలాగే ఉంటుంది.

ఆ తోటా ప్లాట్లయింది. రాతి కడీలు ప్లాట్ల హద్దులయ్యాయి. అటు వెళ్లినప్పుడు చూడండి, కొన్ని కడీల తలల మీద తీగ ఒరుసుకున్న గాడి ఇంకా ఉంది.

తోట తీసేసే రోజు తాత ఒక కొమ్మ కోసుకొచ్చి పెరట్లో నాటాడు. నాలుగు కడీలు పాతి దానికో పందిరి కట్టాడు. కొసలు కట్టడానికి బండలు కూడా పాతాడు. మా పాల్మాకులలో ఇంకా అనాబ్‌షాహి కాస్తున్న పందిరి నాకు తెలిసి అదొక్కటే. ఏటా వానలు వెనక్కి తగ్గాక, దసరా ముందూ వెనకగా దాన్ని కత్తిరించాలి. ఆ అదను దాటిందా, చెట్టు ఆకు వేస్తుంది గానీ గుత్తి వేయదు. కత్తిరింపంటే చేతులు తలపైకి ఎత్తి గంటలకొద్దీ చేసే పని. ఇప్పుడర్థమైందా, అవ్వ భయం?

మొన్న మే నెలలో ఒకరోజు పొద్దున తాత ఛాతీ పట్టుకుని పందిరి కింద కూలబడ్డాడు. కొడుకు మధు ఎయిర్‌పోర్టు దగ్గర క్యాబు నడుపుతాడు. అదృష్టం, ఆ వేళకు ఇంటి దగ్గరే ఉన్నాడు. అదే బండిలో దవాఖానకు తీసుకుపోయాం. గుండె రక్తనాళం ఒకచోట మూసుకుపోయిందని స్టెంటు వేశారు. పంపించే రోజు డాక్టరమ్మ దగ్గర నేనే ఉన్నాను. ఆవిడ పేరు అనుపమ, కోస్తా మనిషి, ఓపికగా చెప్పింది.

"మీ కుడి మణికట్టు దగ్గర్నుంచి లోపలికెళ్లి, గుండె రక్తనాళంలో చిన్న లోహపు జాలీ పెట్టామండీ. అక్కడ గోడ మళ్లీ కూలకుండా అది పట్టుకుంటుంది."

"జాలీ అంటే తీగలతోనా?" అన్నాడు తాత. మంచం మీద నిటారుగా లేచి కూర్చున్నాడు. దవాఖానలో చేరాక ఆయనకు తెలిసిన సంగతి ఒకటి వినబడింది మరి.

"అలాంటిదే అనుకోండి."

"మళ్ల బిగించనీకె ఎప్పుడు రమ్మంటరమ్మా?"

ఆవిడ నవ్వింది. "బిగించే పని లేదండీ. ఒకసారి తెరుచుకుంటే అలాగే ఉండిపోతుంది. మందులు మాత్రం ఒక్కపూట కూడా మానకండి. కొన్ని వారాలు బరువులు ఎత్తకండి, తర్వాత మీ పనులు మీరు చేసుకోవచ్చు."

బయటికొచ్చాక తాత నా భుజం పట్టుకుని, "మంచి డాక్టరమ్మనే, గని తీగ సంగతి తెల్వది పాపం. బిగించకుంట ఉండే తీగ ఏడన్న ఉంటదారా?" అన్నాడు. నేనూ నవ్వాను. జోకనుకున్నాను.

ఆ తర్వాతే చెయ్యి పొట్టకు చేరింది. వానాకాలంలో రెండుసార్లు చూపించుకొచ్చారు. అన్నీ బాగున్నాయి, చేతులెత్తి పని చేసుకోమని డాక్టరమ్మ గట్టిగానే చెప్పింది. తాత తలూపి ఇంటికొచ్చి, చేతిని మళ్లీ అలాగే పెట్టుకున్నాడు. నొప్పి ఉందా అంటే లేదంటాడు. మరేంటంటే పందిరి కిందికి వెళ్లిపోతాడు.

బతుకమ్మ పండుగ రోజులు వచ్చేశాయి. చెట్టు జుట్టు విరబోసుకుని పందిరి మీద పడి ఉంది.

"నేను కత్తిరిస్త తియ్యి" అంది అవ్వ.

"ఏ కొమ్మకు ఎన్ని చిగురు కన్నులు ఇడవాల్నో నీకెరుకనా?"

"నేను కత్తిరిస్త తాతా" అన్నాను.

"నువ్వు కత్తిరించుడు కన్న గొడ్డలి పెట్టుడు నయం."

అప్పుడే మధన్న స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు. "ఈసారి కత్తిరించకుంటే కాయ రాదు గద బాపూ. కాయ రాని పందిరి ఎందుకు? తీసేసి అక్కడ గది ఏద్దాం. ఎయిర్‌పోర్టుల పనిచేసే పోరగాండ్లు కిరాయికి అడుగుతున్నరు" అన్నాడు.

పోయినేడు ఇదే మాటంటే తాత చెంబు విసిరాడు. ఈసారి "నీ ఇష్టం" అన్నాడు. అవ్వ చేతిలో తంగేడు పూలు చేతిలోనే ఉండిపోయాయి.

ఆ మాపటికి అవ్వ మా ఇంటి గోడ దగ్గరికొచ్చి నన్ను పిలిచింది. "నువ్వు పనిచేసేకాడ గీ గుండెల పెట్టేటియే గద చేస్తరు? దసరాకు ఇంటోళ్లను రానిస్తరన్నవు గద. జర తీస్కపో బిడ్డా ఈయన్ను. ఇంట్ల గిట్లనే కూసుంటే ఇగ బొమ్మనే అయితడు."

నిజమే. నేను ఇంజనీరింగ్ రెండో ఏట వదిలేసి, నాలుగు చోట్ల పనిచేసి, మహేశ్వరం వైపు పారిశ్రామిక పార్కులో స్టెంట్లు చేసే కంపెనీలో, పరీక్షలు చేసే గదిలో పడ్డాను. స్టెంటు విరుగుతుందా, ఎక్కడ విరుగుతుంది, ఎంత కష్టపెడితే విరుగుతుంది, ఇదే అక్కడి పని. మా కంపెనీలో ఏటా ఆయుధపూజ నాడు గేటు తీసి ఇంటివాళ్లను లోపలికి రానిస్తారు.

ఆ రోజు తాత ఉతికిన పంచె కట్టాడు. అవ్వ పెట్టెలోంచి చీర తీసింది. మిషన్లన్నీ ఆపేసి బొట్లు పెట్టి, బంతిపూల దండలు వేసి ఉన్నాయి. ఒక్కటి మాత్రం దండ వేసుకుని కూడా సన్నగా రొద చేస్తూ నడుస్తోంది.

"దీనికి పండుగ లేదా?" అన్నాడు తాత.

"ఇది గుండె పని చేస్తది తాతా. నడుమల ఆపం."

"నా లెక్కనే" అంది అవ్వ. "మొగోళ్లందరికి పండుగ, నాకు పొయ్యి."

ఆ మిషన్‌లో మెత్తటి పారదర్శకపు గొట్టాలు వరుసగా ఉంటాయి. వాటిలో ఒంటివేడి ఉన్న ఉప్పునీళ్లు కొడుతూ ఉంటాయి. ఒక్కో గొట్టంలో ఒక్కో స్టెంటు. గొట్టం ఉబ్బుతుంది, తగ్గుతుంది, కంటికి అందనంత వేగంగా. పదేళ్లలో గుండె కొట్టుకునేదంతా కొన్ని నెలల్లో కొట్టించేస్తాం. నేను ఒక స్టెంటు బొమ్మను పక్కనున్న తెరమీద పెద్దది చేసి చూపించాను. తాత కళ్లద్దాలు సర్దుకుని దగ్గరికి జరిగాడు. పండక్కి వచ్చిన మనిషి మొహం మారిపోయి, పనిలో ఉన్న మనిషి మొహం వచ్చింది. చిన్నప్పుడు పందిరి కింద చూసిన మొహం అది. ఎన్నాళ్లకు చూశానో.

"ముడులేవి?"

"ముడులు లేవు తాతా. ఇది అల్లింది కాదు. సన్న గొట్టాన్ని లేజరుతోని కోసి గిట్ల చేస్తరు. అంత ఒక్కటే ముక్క."

"గీ వంకర రింగులెందుకు?"

"రింగులు గోడను పట్టుకుంటయి, లోపటికి కూలనియ్యవు. రింగుకు రింగుకు నడుమ గీ సన్న లంకెలున్నయి సూడు. అవి ఎక్కువ పెడితే కట్టె లెక్క బిర్రుగ అయితది. నరం వంపు తిరిగినకాడ వంగదు, ఇగ బలమంత ఒక్కకాడ పడి విరుగుతది. తక్కువ పెడితే మంచిగ వంగుతది, గని నూకితే రింగులు ఒకదాని మీదికి ఒకటి జరుగుతయి."

"మరి ఎన్ని పెట్టాలె?"

"గదే పంచాయితీ. గా పంచాయితీ మీదనే గింతమందిమి జీతాలు తింటున్నం."

తాత గొంతులో నవ్వాడు. తర్వాత నా వైపు తిరక్కుండానే, "విరిగినయి సూసినవా?" అన్నాడు.

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. "సూసిన. వంపు ఉన్నకాడ విరుగుతయి. మూల కోసుగ ఉన్నా, పైన చిన్న గీత పడ్డా, గక్కడికెళ్లి మొదలైతది. అందుకే మూలలు గుండ్రంగ తిప్పుతరు, అద్దం లెక్క నునుపు చేస్తరు. విరిగే డిజైన్లను ఈ గదిల్నే ఆపుతం. మనిషి లోపట ఎన్నడు విరగదని రాసియ్యలేను, గని శానా తక్కువ. చెయ్యి లేపితే విరిగేదైతే మాత్రం ఈ మిషన్ ముందర ఒక్కపూట ఆగదు."

ఆయన తలూపాడు. తెర వదిలి గొట్టం దగ్గరికి వెళ్లాడు. వంగి ఒక చివర చూశాడు, నడిచి రెండో చివరకు వెళ్లి చూశాడు. మళ్లీ మొదటి చివరకు వచ్చాడు.

"కొసలేవిరా?"

"ఏ కొసలు?"

"తీగకు కొస ఉండాలె గద. దీన్ని దేనికి కట్టిండ్రు?"

"దేనికీ కట్టలే తాతా."

"మరి బండ?"

తాత చొక్కా చెయ్యి పైకి జరుపుకుని, కుడి మణికట్టు నా ముందు పెట్టాడు. లోపలివైపు కందిగింజంత మచ్చ ఉంది.

"మరి గిదేంది? ఈడ కట్టలేదా?"

అప్పుడు తెలిసింది. ఇన్ని నెలలుగా ఆయన లెక్కలో, మణికట్టు దగ్గర మొదలైన తీగ ఒకటి చేతిలోంచి, భుజం మీదుగా గుండె దాకా బిగించి ఉంది. గుండెలో పందిరి. దాని కొస మణికట్టు దగ్గర. చెయ్యి ఎత్తితే కొస గుంజుకుంటుంది. కొస వదిలితే లోపల ఏమవుతుందో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. మూలబండ లేచిన రోజు ఆయన ఆ తోటలోనే ఉన్నాడు.

అవ్వ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "గీ ముచ్చట నాకు చెప్తే నీ నోట్ల ముత్యాలు రాలునా?" అంది.

"అది తొవ్వ తాతా, అంతే" అన్నాను. "ఈడికెళ్లి సన్న తీగ మీద పోరగాండ్లు ఊదే బుగ్గ అసొంటిదాన్ని లోపటికి పంపిండ్రు. బుగ్గ మీద ఈ జాలీ ముడుసుకొని ఉంటది. ఆడికి పోయినంక బుగ్గను ఊదితే ఇది తెరుసుకుంటది. ఇగ తీగ, బుగ్గ రెండు వెనుకకు గుంజేసిండ్రు. నీ చేతిల ఏం లేదు."

"కట్టకుంట ఎట్ల ఆగుతదిరా?"

"తెరుసుకున్నంక మళ్ల ముడుసుకోదు. గోడను ఒత్తి పట్టుకొని ఉంటది. కొన్ని నెలలకు గోడనే దాని మీదికి పెరుగుతది. కప్పేస్తది. ఇగ జాలీ వేరే, గోడ వేరే కాదు."

తాత ప్రసాదం పొట్లం ఎడమచేత్తో పట్టుకుని బండెక్కాడు. దారిపొడవునా కిటికీలోంచి ప్లాట్ల హద్దురాళ్లు చూస్తూ కూర్చున్నాడు.

ఇంటికి రాగానే చెప్పులు విడవకుండా నేరుగా పందిరి కిందికి వెళ్లాడు. నేను వెనకే వెళ్లాను. తూర్పు కడీ దగ్గర చెట్టు మొదలు పందిరి మీదికి తిరిగేచోట బెరడు మీద వేలు పెట్టి, "సూడు" అన్నాడు. మాను అక్కడ నా చెయ్యంత లావుంది. ఇనుప తీగ ఒక పక్కనుంచి మానులోకి దిగి, రెండో పక్కనుంచి బయటికి వచ్చింది. మధ్యలో తీగ కనబడదు. ఏళ్లుగా ఆ పందిరి కింద తిరుగుతున్నాను, నేనెప్పుడూ చూడలేదు.

"లేత మొక్క ఉన్నప్పుడు ఈ తీగకు ఆనించిన. చెట్టు లావెక్కుకుంట లావెక్కుకుంట మింగేసింది. ఈ చుట్టూరా తీగలు ఎన్నిసార్లు మార్చిన్నో. తుప్పు పట్టినయి, తెగినయి, సాగినయి. ఇదొక్కదాన్ని మళ్ల ముట్టలే. బిగియ్యలే." వేలు తీసి నా వైపు తిరిగాడు. "నీ జాలీ సంగతి గిట్లనేనా?"

"గిట్లనే తాతా."

సంగతి తెలియడం వేరు, చెయ్యి లేవడం వేరు. ఆయన కుడిచేతిని పొట్ట మీంచి తీశాడు. ఛాతీ దాకా తెచ్చాడు. అక్కడ ఆగిపోయింది. ఇన్నాళ్లు కదలక భుజం బిగుసుకుపోయింది. మొహం చిట్లించి దించేశాడు. మర్నాడు దసరా. మాపటికి జమ్మి ఆకు చేతిలో పెట్టి కాళ్లకు మొక్కితే, కుడిచెయ్యి నా తల మీద పెట్టాడు. నేను బాగా వంగాను కాబట్టి దానికి పెద్దగా లేవాల్సిన పని పడలేదు.

తెల్లారి కత్తెర చప్పుడు వినబడింది. గోడ మీంచి చూశాను. తాత పెద్ద పీట వేసుకుని దానిమీద నిలబడ్డాడు. పీటెక్కితే పందిరి ఛాతీ దగ్గరికొస్తుంది, చెయ్యి ఎత్తక్కర్లేదు. ఎక్కడ లేని తెలివి. అవ్వ రెండు చేతులతో పీట పట్టుకుని ఉంది.

"కింద పడితే ఈసారి నడుముల పెడ్తరు జాలీ" అంటోంది.

"నువ్వు పీట సక్కగ పట్టు. గంపల సదిరినట్టు కాదు."

"నా గంపలు లేకుంటే నీ అంగూర్ ఏడికి పోతుండె?"

పీట జరుపుకుంటూ జరుపుకుంటూ ఒక్కో కొమ్మా కోస్తున్నాడు. కన్నులు లెక్కపెట్టి, పెదవులు కదుపుతూ. ఆకులు రాలి నేల కనబడటం లేదు. నేను దూకి వెళ్లి ఊడవబోతే "ఉండనియ్యి, గా వాసన ఉండనియ్యి" అన్నాడు. మధన్న డ్యూటీ నుంచి వచ్చి బోడి పందిరి కింద నిలబడి తలగోక్కున్నాడు.

"మరి గది?" అన్నాడు.

"గది మీ అత్తగారింట్ల ఏసుకో" అంది అవ్వ.

చివర్న ఒక్క కొమ్మ మిగిలింది. మూల కడీ మీదుగా బయటికి పాకింది. అక్కడ నేల ఎగుడుదిగుడు, పీట ఆనదు. తాత దిగాడు. కొమ్మ కింద నిలబడి పైకి చూశాడు. ఎడమచేత్తో అందుకుని వంచితే సరిపోయేది. అలా చేయలేదు. కుడిచెయ్యి ఛాతీ దాటింది, గడ్డం దాటింది, కణత దాకా వచ్చింది. భుజం పట్టేసిందేమో, పళ్లు బిగించి ఒక ఊపిరి ఆగాడు. తర్వాత చెయ్యి నిటారుగా లేచింది. కత్తెర పడింది.

కోసిన చోటు నుంచి చెట్టునీరు ఊరి, బొట్లు బొట్లుగా ఆయన మణికట్టు మీద, ఆ మచ్చ మీద పడి మోచేతి దాకా జారింది. తాత పంచెకు తుడుచుకుని, "ఇంకేమన్న మిగిలినయా సూడుండ్రి" అన్నాడు.